వార్డుల నిండా రోగులున్నా నటించే రోగి ఎందుకు?

క్లుప్తంగా: వైద్య విద్యార్థుల శిక్షణ కోసం ఒక జబ్బు కథను కంఠతా పట్టి, ప్రతి విద్యార్థి ముందూ ఒకేలా వినిపించే ఆరోగ్యవంతులను సిమ్యులేటెడ్ పేషెంట్లు అంటారు. తనిఖీల కోసం మంచాల్లో పడుకోబెట్టే నకిలీ రోగులతో వీరికి సంబంధం లేదు. రాయలసీమ ప్రభుత్వ ఆస్పత్రుల్లో రోగులకు కొదవ లేదు గాని, అందరికీ సమానమైన పరీక్ష పెట్టడానికీ, విద్యార్థి మాటతీరు ఎలా ఉందో మొహం మీద చెప్పడానికీ అసలు రోగి పనికిరాడు. ఈ పద్ధతి బలం నటనలో కన్నా కేస్ షీట్ (పాత్ర కథ, జవాబులు రాసి ఉండే కాగితం) రాయడంలో, శిక్షణలో ఎక్కువగా ఉంది. ఆ రెండూ సరిగా లేకపోతే ఇది ఖర్చుతో కూడిన తంతుగా మిగులుతుంది.

గందరగోళం ఎక్కడ?

మెడికల్ కాలేజీల తనిఖీల్లో అవకతవకలపై సీబీఐ 2025 మధ్యలో కేసు నమోదు చేసింది. లేని అధ్యాపకులను ఉన్నట్టు చూపడం, తనిఖీ రోజున కల్పిత రోగులతో వార్డులు నింపడం అందులోని ఆరోపణల్లో కొన్ని. అందుకే ‘మెడికల్ కాలేజీలో రోగిలా నటించడానికి మనుషులు కావాలి’ అన్న మాట వినపడితే చాలు, ఇదీ ఆ బాపతే అనుకోవడం సహజం. సీటు కోసం అప్పోసప్పో చేసిన తల్లిదండ్రులకైతే మా పిల్లలు అసలు రోగులను చూస్తారా లేదా అన్న సందేహం కూడా వస్తుంది.

తేడా ఉద్దేశంలోనే ఉంది. తనిఖీ కోసం తెచ్చిన నకిలీ రోగి లేని రోగిని లెక్కలో చూపిస్తాడు, మోసపోయేది తనిఖీ బృందం. సిమ్యులేటెడ్ పేషెంట్ విషయంలో ఎదుటి మనిషి నటిస్తున్నాడని విద్యార్థికి ముందే తెలుసు, పరీక్షకుడికీ తెలుసు. పడకల లెక్కలో గాని, ఓపీ సంఖ్యలో గాని ఇతన్ని చూపడానికి వీల్లేదు. అలా చూపితే అప్పుడది నిజంగానే మోసం.

ముందుగా చెప్పకుండా పంపే పద్ధతి కూడా ఒకటుంది గాని, దాని పని వేరు. ఢిల్లీలో పరిశోధకులు క్షయ లక్షణాలు చెప్పే శిక్షణ పొందిన మనుషులను ప్రైవేటు వైద్యుల దగ్గరికి పంపి, 2015లో ఫలితాలు ప్రచురించారు. 250 సంప్రదింపుల్లో ప్రమాణాల ప్రకారం సరైన వైద్యం అందినవి 52 మాత్రమే. అది విద్యార్థుల శిక్షణ కాదు, వైద్య సేవల నాణ్యతను కొలవడం. సాధనం మాత్రం అదే.

పుట్టుక

అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో నరాల వైద్యుడు హోవార్డ్ బారోస్ 1963లో ఈ పద్ధతి మొదలుపెట్టారు. కళాకారులకు మోడల్‌గా పనిచేసే ఒక మహిళకు మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో కాళ్లు చచ్చుబడిన రోగి పాత్రను నేర్పించారు. మరుసటి ఏడాది స్టీఫెన్ అబ్రహామ్సన్‌తో కలిసి దీనిపై వ్యాసం ప్రచురించినప్పుడు వైద్య విద్యలో చాలామంది పెదవి విరిచారు.

ఆయనకు ఈ ఆలోచన రావడానికి కారణాల్లో ఒకటి మన పరీక్షలకూ వర్తిస్తుంది. పరీక్షల కోసం పిలిపించిన ఒక అసలు రోగి, తనను మొరటుగా పరీక్షించిన డాక్టరు మీద కోపంతో కావాలనే లక్షణాలు మార్చి చూపించాడట. రోగి ఇలా కూడా చేయగలిగినప్పుడు ఆ డాక్టరుకు వచ్చిన మార్కులు దేన్ని కొలిచినట్టు?

తర్వాతి మలుపులు రెండు. 1970ల్లో అరిజోనాలో పిల్లల వైద్యురాలు పౌలా స్టిల్‌మన్ తల్లుల పాత్రలు తయారుచేయించి, విద్యార్థి ఎలా మాట్లాడాడో ఆ తల్లులే మార్కులు వేసే పట్టిక తెచ్చారు. 1975లో స్కాట్లాండ్‌లోని డండీ నుంచి రోనాల్డ్ హార్డెన్ బృందం ఓఎస్‌సీఈ పద్ధతిని ప్రకటించింది. గంట మోగగానే విద్యార్థులు ఒక స్టేషన్ నుంచి మరో స్టేషన్‌కు మారుతూ, ప్రతి చోటా ఒకే నిడివిలో ఒక పని చేసి చూపే పరీక్ష ఇది. నటించే రోగికి అసలైన చోటు దొరికింది ఇక్కడే.

ఇక్కడ కొరత రోగులది కాదు

కర్నూలు మెడికల్ కాలేజీ 1956 నాటిది. అనంతపురం ప్రభుత్వ కాలేజీ 2000లో, కడప రిమ్స్ 2006లో, నంద్యాల కాలేజీ 2023లో మొదలయ్యాయి. కర్నూలు పెద్దాసుపత్రికి జిల్లా వాళ్లే కాక గద్వాల వైపు నుంచి, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా వస్తారు. ఓపీ చీటీల వరుస చూసినవారెవరూ ఇక్కడ రోగులు దొరకరని అనరు. అమెరికా, యూరప్ కాలేజీల్లో ఈ పద్ధతి పెరగడానికి రోగులు ఆస్పత్రిలో ఉండే రోజులు తగ్గిపోవడం ఒక కారణం. మనకు ఆ కారణం వర్తించదు. అక్కడి వాదనను యథాతథంగా తెచ్చి ఇక్కడ అప్పగిస్తే వార్డు డ్యూటీలో తలమునకలైన ప్రొఫెసర్‌కు నవ్వు వస్తుంది.

మన ఇబ్బందులు వేరు. మొదటిది, ప్రాక్టికల్ పరీక్షలో లాంగ్ కేసు, అంటే ఒకే రోగిని వివరంగా చూసి చెప్పే భాగం, అదృష్టం మీద నడుస్తుంది. ఒకరికి పక్షవాతం వచ్చిన, వివరంగా మాట్లాడే రిటైర్డు టీచరు దొరుకుతాడు. పక్క మంచం దగ్గర నిలబడ్డ విద్యార్థికి చెవుడున్న పెద్దాయన, కామెర్లతో పొట్ట ఉబ్బి, ‘ఏమో నాయనా’ తప్ప ఇంకో మాట రానివాడు దొరుకుతాడు. ఇద్దరి మార్కులూ ఒకే పట్టీలోకి ఎక్కుతాయి.

రెండోది రోగి పడే అవస్థ. గుండెలో స్పష్టమైన మర్మర్ (స్టెతస్కోపులో వినిపించే అదనపు శబ్దం) ఉన్నవారు, ప్లీహం బాగా పెరిగినవారు వార్డులో ‘మంచి కేసు’. ఒక్క పూటలోనే పదిమంది స్టెతస్కోపు పెడతారు, పదిమంది పొట్ట నొక్కుతారు. ఊపిరాడని మనిషిని ‘గట్టిగా గాలి పీల్చమ్మా’ అని పదిసార్లు అడుగుతారు. వద్దు అనే హక్కు ఆ రోగికి ఉంది, ఉచిత వైద్యం పొందుతున్న మనిషి ఆ మాట నోటితో అనడం మాత్రం అరుదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ప్రభుత్వాస్పత్రి రోగి డాక్టరు మాటతీరు గురించి డాక్టరుతో చెప్పడు. కసిరినా తలూపుతాడు, అర్థం కాకపోయినా తలూపుతాడు. ఐదున్నరేళ్లు చదివి బయటికొచ్చే డాక్టరుకు తన మాట ఎదుటివారికి ఎలా వినపడుతుందో చెప్పిన మనిషి ఒక్కరూ ఉండకపోవచ్చు. నటించే రోగి ఆ మనిషి.

ఒక కేసు లోపల

బయటివారికి నటనగా కనిపించేది నిజానికి పన్నెండు, పదిహేను పేజీల కాగితం. ఎలా ఉంటుందో చూడటానికి పడమటి కర్నూలుకు తగిన ఒక కేసును తీసుకుందాం. పాత్ర పేరు సుంకమ్మ, వయసు 42, ఆదోని దగ్గరి పల్లె, పత్తి కూలీ. ఏటా మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతుంది.

మొదటి వాక్యం అక్షరం పొల్లుపోకుండా రాసి ఉంటుంది: ‘ఇరవై దినాల్నుంచి దగ్గు పట్టుకున్యాది సార్. టానిక్ తాగినా తగ్గల్యా.’ విద్యార్థి ‘ఏమ్మా, ఏం ఇబ్బంది?’ అన్నా, ‘చెప్పండి’ అన్నా ఇదే వాక్యం రావాలి. ఆ తర్వాత ఆగిపోవాలి. ఇక్కడ ఆపడమే కష్టం. కొత్తవారు భయంతో కథంతా ఒక్క ఊపులో చెప్పేస్తారు, దాంతో విద్యార్థి ప్రశ్నలు అడిగాడో లేదో తేలదు.

మిగతా సమాచారం మూడు అరల్లో ఉంటుంది. అడగకుండానే చెప్పేది దగ్గు, నీరసం. నేరుగా అడిగితేనే చెప్పేవి సాయంత్రం పూట వచ్చే జ్వరం, రాత్రి చెమటలు, తగ్గిన ఆకలి. బరువు తగ్గారా అంటే కిలోల్లో చెప్పకూడదు, ‘జాకెట్టు వదులైంది సార్’ అనాలి. కిలోలు చెప్పే పత్తి కూలీ ఎక్కడా ఉండదు. మూడో అరలో ఉన్నవి నమ్మకం కుదిరితేనే బయటికి రావాలి: ఊరి ఆర్‌ఎంపీ దగ్గర నాలుగు రోజులు సూదులు వేయించుకున్నది, భర్త రెండేళ్ల కింద టీబీ మందులు మొదలుపెట్టి మధ్యలో మానేసినది.

‘నమ్మకం కుదిరితే’ అని వదిలేస్తే ఒక్కో నటికి ఒక్కో అర్థం తోస్తుంది. అందుకే కంటికి కనిపించే గుర్తుగా రాయాలి. ‘చాలామంది ముందు ఊళ్లోనే చూపించుకుంటారు, మీరు కూడా చూపించుకున్నారా?’ అన్న ధోరణిలో అడిగితే ఆర్‌ఎంపీ సంగతి చెప్పాలి. ‘ఇన్నాళ్లు ఏం చేస్తున్నారు?’ అని గద్దిస్తే ‘ఏం ల్యా సార్’ అనాలి, తర్వాతి రెండు ప్రశ్నలకూ ముక్తసరిగా జవాబివ్వాలి. అదే విద్యార్థి దారి మార్చి మెత్తగా అడిగితే మళ్లీ తెరుచుకోవాలి. తప్పు దిద్దుకునే అవకాశం లేకుండా రాసిన కేసు పరీక్షకు పనికొస్తుందేమో గాని నేర్పడానికి పనికిరాదు.

కేసులో ఒక వల కూడా ఉంది. పత్తి పని అని వినగానే కొందరు విద్యార్థులు దుమ్ము వల్ల వచ్చిన దగ్గు అని తేల్చేసి ముందుకు పోతారు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే క్షయ అనుమానించి కఫం పరీక్షకు పంపాలన్నది జాతీయ కార్యక్రమం నియమం. వృత్తి కారణం ఆలోచించడం తప్పు కాదు, కఫం పరీక్ష మరవడం తప్పు.

చివరి రెండు నిమిషాలకు ఒక ప్రశ్న దాచి ఉంచుతారు. టీబీ మాట రాగానే సుంకమ్మ గొంతు తగ్గించి అడగాలి: ‘ఊర్లో తెలుస్తాదా సార్? మా పాపకు సంబంధం కుదిరింది.’ విద్యార్థుల నోటికి వెంటనే వచ్చే జవాబు ‘ఎవరికీ తెలియదమ్మా, భయపడొద్దు’. దయగా ఉంటుంది గాని అది నిలబెట్టుకోలేని మాట. టీబీ కేసును నమోదు చేయడం తప్పనిసరి. ఇంట్లోవాళ్లకు పరీక్షలు చేయాలి, ఆరోగ్య కార్యకర్త ఇంటికి వస్తుంది. వచ్చిన రోజున సుంకమ్మకు డాక్టరు మీద నమ్మకం పోతుంది, దాంతో మందులూ ఆగిపోవచ్చు. సరైన జవాబుకు ఇంకొంచెం సమయం పడుతుంది: వివరాలు గోప్యంగానే ఉంటాయి, ఇంటికొచ్చే కార్యకర్తకు మాత్రం తెలుస్తుంది, ఎలా రావాలో ముందే మాట్లాడుకోవచ్చు, చికిత్స మొదలైన కొన్ని వారాల్లో ఇతరులకు సోకే ప్రమాదం బాగా తగ్గుతుంది, మామూలు టీబీకి ఆరు నెలల మందులు ఉచితం, పోషణకు నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. మిరప కోతలకు పోతే మందులు ఎలా అని కూడా అడిగిన విద్యార్థికి పూర్తి మార్కులు వేయొచ్చు. టీబీ రోగుల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ నిక్షయ్‌లో నమోదు ఉంటే చికిత్సను వేరే జిల్లాకు మార్చుకునే వీలుంది.

మంచి మాట, నిజమైన మాట రెండూ ఒకటి కానప్పుడు విద్యార్థి ఏం చేస్తాడన్నది రాత పరీక్షలో తేలదు. శిక్షణకు వాడే మనిషి బొమ్మ మీదా తేలదు.

మనిషిని ఎంచడం, తయారు చేయడం

నాటకానుభవం ఉన్నవారైతే సులువని అనిపిస్తుంది. సురభి నాటకాలు పుట్టిన కడప జిల్లాలో, పద్యనాటకాలకు ఇప్పటికీ జనం కూర్చునే సీమలో నటులకు కొరత లేదు. చిక్కల్లా రంగస్థలం అలవాటుతోనే. చివరి వరుసకు వినపడేలా గొంతెత్తడం, ప్రతి ప్రదర్శనలో కొంచెం కొత్తదనం తేవడం స్టేజీ మీద గుణాలు. ఇక్కడ అవే లోపాలు. మూడడుగుల దూరంలో కూర్చున్న కుర్రాడి ముందు, ఇరవయ్యోసారి కూడా మొదటిసారి అన్నంత మాత్రమే దుఃఖపడగల మనిషి కావాలి. రిటైర్డు టీచర్లు, చిన్న వ్యాపారులు, గృహిణుల్లో ఇలాంటివారు ఎక్కువగా దొరుకుతారు.

ఎంపికలో చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పాత్రకు అడ్డొచ్చే మచ్చ, కుట్టు ఉండకూడదు. అపెండిక్స్ నొప్పి కేసులో కూర్చున్న మనిషి పొట్ట మీద పాత ఆపరేషన్ గీత ఉంటే కథ అక్కడే ముగుస్తుంది. ఇంట్లో ఇటీవల క్యాన్సర్ చావు జరిగినవారిని క్యాన్సర్ సంగతి చెప్పే కేసులో కూర్చోబెట్టకూడదు. ఆస్పత్రి నర్సులను, ఇంటర్న్‌లను వాడటం అందరూ చేసే పొరపాటు. వాళ్లకు జవాబు తెలుసు కాబట్టి విద్యార్థి తడబడినప్పుడు తెలియకుండానే అందిస్తారు, పైగా విద్యార్థులకు వాళ్లు తెలిసిన ముఖాలు.

శిక్షణ ఒక్కో పాత్రకు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది గంటలు, నాలుగు విడతలుగా సాగుతుంది. మొదటి విడతలో కేసు చదివి జబ్బు ఎలా ఉంటుందో డాక్టరు వివరిస్తారు. రెండో విడతలో మార్కుల పట్టిక నేర్పుతారు: వీడియోలో విద్యార్థిని చూస్తూ అందరూ విడివిడిగా టిక్కులు పెట్టి, తేడా వచ్చిన చోట ఎందుకు వచ్చిందో మాట్లాడుకుంటారు. మూడో విడతలో అధ్యాపకుడు రకరకాల విద్యార్థులుగా మారి ఆడిస్తాడు: బిడియస్తుడు, తొందరపడేవాడు, ఒకేసారి నాలుగు ప్రశ్నలు అడిగేవాడు. చివరిది గంటలు, గదులు, సమయాలతో సహా పూర్తి రిహార్సల్. ఒకే పాత్రకు ముగ్గురుంటే ముగ్గురికీ కలిపే శిక్షణ ఇవ్వాలి. విడిగా ఇస్తే ముగ్గురు సుంకమ్మలు తయారవుతారు.

ఫీడ్‌బ్యాక్ ఇవ్వడం వేరే నైపుణ్యం. పాత్ర లోంచి బయటికొచ్చి, తనకు ఏమనిపించిందో మాత్రమే చెప్పాలి. ‘మీరు కఫం పరీక్ష రాయలేదు’ అనడం అధ్యాపకుడి పని. ‘భర్త గురించి అడిగేటప్పుడు మీరు కాగితం వైపే చూస్తున్నారు, అందుకే చెప్పబుద్ధి కాలేదు’ అనడం ఈమె పని. గీత దాటి వైద్యం నేర్పడం మొదలుపెట్టారంటే శిక్షణలో ఎక్కడో లోపం జరిగినట్టే.

శరీరం ఎంతవరకు సహకరిస్తుంది

నటించగలిగేవి అనుకున్నదానికన్నా ఎక్కువే. పొట్ట నొక్కి వదిలినప్పుడు ఉలిక్కిపడటం, పొట్ట కండరాలు బిగపట్టడం, కుంటడం, కీలు పూర్తిగా వంచలేకపోవడం, ఆయాసంతో మాటలు తెగిపోవడం, వణుకు, ఒక వైపు చేయి బలహీనం కావడం నేర్పవచ్చు. గ్లిజరిన్, నీళ్లు కలిపి చల్లితే చెమట. లేత పౌడరుతో పాలిపోయిన ముఖం.

మర్మర్, ఊపిరితిత్తుల్లో శబ్దాలు, పెరిగిన ప్లీహం, కళ్లలో పచ్చదనం నటించేవి కావు. వాటికి రెండు దారులున్నాయి. విద్యార్థి సరైన చోట స్టెతస్కోపు పెడితే పరీక్షకుడు శబ్దం వినిపించడమో, ఫలితం కాగితం ఇవ్వడమో ఒకటి. మనిషినీ బొమ్మనూ కలపడం రెండోది. కుట్లు వేసే కేసులో మనిషి చేతి పక్కన రబ్బరు చర్మం కట్టి ఉంచితే, సూది గుచ్చుతూనే ఆ మనిషితో మాట్లాడాల్సి వస్తుంది. ఉత్త బొమ్మ మీద కుట్లు బాగా వేసే విద్యార్థి, ‘నొప్పి పుడుతుందా సార్’ అన్న గొంతు వినగానే చేయి తడబడటం ఇలాంటి చోటే బయటపడుతుంది.

నొప్పి నటించే మనిషికి నిజం నొప్పి రావడమూ ఉంది. ఒకే చోట ఇరవై ఐదుమంది పొట్ట నొక్కితే సాయంత్రానికి అక్కడ ముట్టుకోలేరు. అప్పుడు ఉలికిపాటు నటన కాదు, చివరి విద్యార్థులు మొదటివారి కన్నా వేరే రోగిని చూస్తున్నట్టే లెక్క. పొట్ట కేసుల్లో మనుషులను తరచుగా మార్చేది అందుకే. మర్మావయవాల పరీక్ష, మలద్వార పరీక్ష, గొంతులో పుల్ల పెట్టి వాంతి ప్రతిచర్య చూడటం లాంటివి ఈ పాత్రల్లో చేయించకూడదు. అవి బొమ్మ మీదే.

యాస అడ్డం వచ్చే చోట

ఆల్ ఇండియా కోటా కింద ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లకు ఇతర రాష్ట్రాల వారూ వస్తారు. మొదట్లో జరిగే ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష నేర్పాలన్న నియమం ఉంది, కొద్ది గంటలతో తీరేది కాదది. కోస్తా నుంచి వచ్చిన తెలుగు విద్యార్థికి కూడా ‘నీళ్లిరేచనాలు’, ‘కడుపు కాల్తాండాది’ కొత్తగానే వినిపిస్తాయి. అనంతపురంలో కన్నడం కలిసిన తెలుగు, కర్నూలు, కడప పాతబస్తీల్లో దక్కనీ ఉర్దూ ఉండనే ఉన్నాయి. ‘గుండె నొప్పి’ అంటూ చేత్తో పైకడుపు చూపించేవారు చాలామంది. ‘ఎక్కడో ఒక్క వేలితో చూపించమ్మా’ అని అడగని విద్యార్థి ఈసీజీ గదికి పంపాల్సినవారిని గ్యాస్ మాత్రలతో, గ్యాస్ మాత్రలు చాలేవారిని ఈసీజీ గదికి పంపుతాడు. ఇంగ్లిష్‌లో రాసిన కేసును పుస్తక తెలుగులోకి మార్చి వాడితే ఈ సాధన అంతా పోతుంది. కేసు మొదటి ముసాయిదానే ఆ ఊరి మాటల్లో, ఆ ఊరి మనిషిని పక్కన పెట్టుకుని రాయాలి.

మార్కుల దగ్గర తేడాలు

పట్టికలో పన్నెండు నుంచి పదిహేను అంశాల కన్నా ఎక్కువ పెడితే నటించే మనిషికి గుర్తుండవు. ‘జ్వరం గురించి అడిగాడు’ అన్నది సరైన అంశం. ‘బాగా మాట్లాడాడు’ అన్నది కాదు.

టిక్కుల పద్ధతికి మాత్రం ఒక మౌలిక లోపముంది. అనుభవమున్న డాక్టరు నాలుగు ప్రశ్నలతో జబ్బు పట్టేస్తాడు. కొత్త విద్యార్థి ముప్పై ప్రశ్నలు గడగడా అప్పగిస్తాడు. టిక్కులు లెక్కపెడితే విద్యార్థే గెలుస్తాడు. అందుకని పట్టికతో పాటు మొత్తం మీద ఎలా చేశాడన్న అంచనాకు విడిగా మార్కులు ఉంచుతారు, పైతరగతులకు వెళ్లేకొద్దీ వాటి వాటా పెంచుతారు. మార్కులకు ఆశపడి నేర్చుకున్న సానుభూతి మరో బెడద. ‘మీ బాధ నాకు అర్థమవుతోందమ్మా’ అని ప్రతి గదిలోనూ ఒకే స్వరంలో అప్పజెప్పే విద్యార్థులు తయారవుతారు. దానికి మార్కు ఇవ్వాలో వద్దో పట్టికలో రాసి లేకపోతే ఒక్కో పరీక్షకుడు ఒక్కో తీరున వేస్తాడు.

ఒకటి రెండు స్టేషన్లతో విద్యార్థిని తూచడమూ కుదరదు. ఛాతీ నొప్పి కేసులో రాణించినవారు తలనొప్పి కేసులో తేలిపోవడం మామూలే. కనీసం పది స్టేషన్లయినా లేనిదే మార్కులకు నిలకడ రాదు.

మనుషుల లెక్క

ఇంత మంచి పద్ధతి ఎందుకు అన్ని చోట్లా లేదన్న ప్రశ్నకు జవాబు కూడికల్లోనే ఉంది. బ్యాచ్‌లో 150 మంది, పది స్టేషన్లు, గది మారే సమయంతో కలిపి స్టేషన్‌కు ఆరు నిమిషాలు అనుకుందాం. ఒక విడతలో పదిమందికి గంట. మొత్తం పదిహేను గంటలు. ఒకే రోజు ముగించాలంటే మూడు వరుసలు సమాంతరంగా నడపాలి, అప్పుడు ఐదు గంటలు. పది స్టేషన్లలో మూడింట నటించే రోగులుంటే ఒక్కో పాత్రకు ముగ్గురు. ఒక్కరే యాభైమందిని చూడలేరు కాబట్టి విడతలవారీగా మారడానికి ఇద్దరేసి, అంటే మొత్తం 18 మంది. చివరి నిమిషంలో రానివారి కోసం ఇద్దరు అదనం. ఇరవైమందికి తలా ఎనిమిది గంటల శిక్షణ అంటే 160 గంటల భత్యం, ఆ పైన పరీక్ష రోజు కూలి, భోజనం, దారి ఖర్చు. బొమ్మలకు టెండరు పిలిచి బిల్లు పెట్టడం తెలిసిన కార్యాలయానికి మనిషి గంటకు డబ్బు చెల్లించే పద్దు ఏ తల కింద రాయాలో తెలియదు. ఖరీదైన బొమ్మలు గుడ్డ కప్పుకుని మూలన ఉండిపోవడానికీ, మాట్లాడే రోగి రాకపోవడానికీ ఇదే కారణం కావడం విడ్డూరం.

ఖర్చు తగ్గించే మధ్యేమార్గం రోజువారీ బోధనలో ఒకే ఒక్క శిక్షణ పొందిన మనిషిని చిన్న బృందం ముందు కూర్చోబెట్టడం. ఎనిమిదిమంది విద్యార్థులు, ఒక అధ్యాపకుడు. మాట తప్పితే ‘ఆగండి’ అని ఆపి, అక్కడి నుంచే మరో విద్యార్థి కొనసాగించవచ్చు. అసలు రోగితో ఆపి మళ్లీ మొదలుపెట్టడం కుదరదు. పరీక్ష కన్నా ఇలాంటి చోటే పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితం.

నిబంధనలు, పరాయి అనుభవాలు

2019 బ్యాచ్ నుంచి అమలైన సామర్థ్య ఆధారిత ఎంబీబీఎస్ పాఠ్యక్రమం స్కిల్స్ ల్యాబ్‌ను తప్పనిసరి చేసింది. వైఖరి, నైతికత, సంభాషణ కోసం 27 మాడ్యూళ్ల ఏట్‌కామ్ పాఠం వచ్చింది. ఎంబీబీఎస్ చివర దేశమంతటికీ ఒకే పరీక్షగా తలపెట్టిన నెక్స్ట్‌కు 2023లో నోటిఫై చేసిన నిబంధనల్లో రెండో దశగా క్లినికల్ పరీక్ష ఉంది, ఆ ఏడాదే అది వాయిదా పడింది. విదేశాల్లో చదివి వచ్చేవారు రాసే ఎఫ్‌ఎంజీఈ రాత పరీక్ష మాత్రమే. అంటే నేర్పమని నియమం ఉన్నా, జాతీయ స్థాయిలో దాన్ని కొలిచే ఏర్పాటు ఇంకా లేదు. పరీక్షలో రానిదాన్ని మనవాళ్లు ఎంత శ్రద్ధగా చదువుతారో వేరే చెప్పనక్కర్లేదు.

అమెరికా అనుభవం ఇంకో కొస. అక్కడ 2004 నుంచి లైసెన్స్ కావాలంటే పన్నెండుమంది నటించే రోగులను, ఒక్కొక్కరిని పదిహేను నిమిషాల్లో చూసే స్టెప్ 2 సీఎస్ పరీక్ష పాస్ కావాల్సి ఉండేది. దేశం మొత్తం మీద ఐదు నగరాల్లోనే కేంద్రాలు, వెయ్యి డాలర్లు దాటిన ఫీజు. ఇక్కడి నుంచి వెళ్లేవారికి వీసా, విమానం ఖర్చు అదనం. అమెరికా విద్యార్థుల్లో అత్యధికులు మొదటిసారే పాసవుతుంటే ఇంత ఖర్చెందుకన్న విమర్శ ఎప్పటి నుంచో ఉంది. కోవిడ్‌తో 2020లో ఆగిన పరీక్షను 2021 జనవరిలో రద్దు చేశారు. కాలేజీలు మాత్రం తమ శిక్షణలో ఈ రోగులను వదల్లేదు. బ్రిటన్‌కు వెళ్లేవారికి మాంచెస్టర్‌లో జరిగే ప్లాబ్ (విదేశీ డాక్టర్ల అర్హత పరీక్ష) రెండో భాగంలో ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది, స్టేషన్‌కు ఎనిమిది నిమిషాలు.

ఇకముందు

ఫోన్‌లో రోగిలా మాట్లాడే ఏఐ చాట్‌బాట్‌లు ప్రశ్నలు అడిగే సాధనకు చవకైన దారి. తెలుగులోనూ మాట్లాడిస్తున్నారు, సీమ యాస మాత్రం ఇంకా అంతంతే. చూపు తిప్పుకోవడం, పొట్ట మీద చేయి పడగానే ఉలికిపడటం వాటికి సాధ్యం కావు కాబట్టి మొదటి ఏడాది సాధనకు అవి, చివరి ఏడాదికి మనిషి అన్న విభజన ఎక్కువ చోట్ల రావచ్చు.

సీమ కాలేజీలకు అందుబాటులో ఉన్న ఇంకో మార్గం ఉమ్మడి జాబితా. కర్నూలు నుంచి నంద్యాల 70 కిలోమీటర్లకు అటూ ఇటూ, అనంతపురం 150 కిలోమీటర్ల దరిదాపు, కడప 200 కిలోమీటర్ల చుట్టుపక్కల. నలభైమందిని ఒకచోట తయారుచేసి నాలుగు కాలేజీలూ పంచుకుంటే తలసరి శిక్షణ ఖర్చు దిగుతుంది, కర్నూలు మనిషి అనంతపురం విద్యార్థులకు కొత్త ముఖం అవుతాడు. ఇందులో ముందే తేల్చుకోవలసింది వాట్సాప్ సంగతి. పొద్దున కర్నూలులో నడిచిన కేసు మధ్యాహ్నానికి కడప హాస్టల్‌కు చేరుతుంది. నాలుగు చోట్లా ఒకే రోజు, ఒకే గంటకు మొదలుపెట్టాలి. అది కుదరకపోతే సుంకమ్మ దగ్గు అలాగే ఉంచి కారణాలు మార్చిన మూడు కేస్ షీట్లు సిద్ధం చేసుకోవాలి. ఒకదాంట్లో క్షయ, ఒకదాంట్లో ఆస్తమా, మరొకదాంట్లో బీపీకి వేసుకుంటున్న ఎనలాప్రిల్ మాత్ర.